పెద్దాయమ్మ మూడోసారి పరీక్ష

పెద్దాయమ్మకు పుస్తకాలంటే కోపమేమీ లేదు గానీ, ఈ ఒక్క పుస్తకాన్ని మాత్రం దొరికితే నమిలి మింగేసేంత కోపం ఉంది. నూట నలభై పేజీలు. అట్ట మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. పైన 'వైద్య, న్యాయ, అత్యవసర సేవల ప్రాథమిక పదాలు' అని పేరు. "దీనికి ఆ నవ్వెందుకో! ఒక్క పూట మా క్యాజువాల్టీలో నిలబడమను, పళ్లు లోపలికి పోతాయి" అని రోజుకొకసారైనా ఆ బొమ్మను తిట్టందే ఆవిడకు పుస్తకం తెరవబుద్ధయ్యేది కాదు.

క్యాజువాల్టీ అంటే ఆసుపత్రిలో దెబ్బలు తిన్నవాళ్లూ, స్పృహ తప్పినవాళ్లూ, ఊపిరాడనివాళ్లూ ముందుగా వచ్చి పడే గది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ అక్కడ ఆయమ్మ. స్ట్రెచర్ మీంచి మంచం మీదికి మార్చడం, బట్టలు విప్పడం, తుడవడం, కుట్లు వేస్తుంటే కాళ్లు గట్టిగా పట్టుకోవడం, గొల్లుమని ఏడ్చే చుట్టాలను రెక్క పట్టుకుని బయట కూర్చోబెట్టడం, ఇదీ పని. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. మిగతా ఆయమ్మలకన్నా ముందు చేరింది కాబట్టి పెద్దాయమ్మ. డాక్టర్లకూ అంతే, గేటు దగ్గర వాచ్‌మన్‌కూ అంతే.

అలాంటి మనిషిని పట్టుకుని, పోయినేడు ఎవరో తనిఖీకి వచ్చినవాళ్లు ఒక చీటీ రాసిపోయారు. రోగి ఒంటి మీద చెయ్యి వేసే ప్రతివాళ్లూ ఈ పుస్తకం చదివి పరీక్ష పాసవ్వాలట. మూడు అవకాశాలు. నూటికి యాభై రావాలి. మూడోసారీ తప్పితే క్యాజువాల్టీ గుమ్మం తొక్కడానికి లేదు, దుప్పట్ల గదిలో కూర్చుని దుప్పట్లు మడతపెట్టుకోవాలి. పెద్దాయమ్మకు మొదటిసారి ముప్ఫై ఒకటి వచ్చింది. రెండోసారి ముప్ఫై ఎనిమిది. ఇక మిగిలింది ఒక్కటే.

పోనీ పని రానిదా అంటే, చెప్పేవాళ్ల నోరు పడిపోవాలి. ఒకసారి ఒక పెద్దమనిషిని మోసుకొచ్చారు. కొత్తగా వచ్చిన డాక్టరు కుర్రాడు ఆయన నాడి చూసి, గడియారం చూసి, మళ్లీ నాడి చూస్తున్నాడు. ఈవిడ పెదవులు చూసింది. గోళ్లు చూసింది. నీలంగా ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చి మంచం పక్కన పెట్టింది. ఆయన బతికాడు, నెల తర్వాత వచ్చి దండం పెట్టి వెళ్లాడు. అదే సంగతి పరీక్షలో 'సయనోసిస్ అనగానేమి?' అని అడిగితే జవాబు చోటు ఖాళీగా వదిలేసి వచ్చింది. ఇంటికొచ్చాక ఆ ముక్కకు అర్థం ఇదీ అని తెలిసి తల గోడకేసి కొట్టుకున్నంత పని చేసింది. "నీలంగా మారడం అని ఏడవచ్చు కదా! అదేం పేరు, తీర్థయాత్రకెళ్లిన ఊరి పేరులా!"

ఇంకోసారి 'ట్రయాజ్' అడిగారు. ఒకేసారి పదిమంది వస్తే ఎవరిని ముందు చూడాలో తేల్చడం అన్నమాట. ఎర్ర చీటీ, పసుపు చీటీ, ఆకుపచ్చ చీటీ, నల్ల చీటీ. అది ఆవిడకు గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. 'అరిచేవాడు కాసేపు ఆగగలడు, అరవనివాడి దగ్గరికి ముందు వెళ్లాలి' అని రాసింది. ట్యూటరమ్మ సున్నా వేసింది. ఈ ట్యూటరమ్మ నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పేది, పెద్దాయమ్మ వయసులో సగం ఉంటుంది, మంచిపిల్లే.

"మీరు రాసింది నిజమే అక్కా, కానీ జవాబుల కీలో ఇది లేదు" అంది ఆ పిల్ల నసుగుతూ.

"కీ రాసిందెవరు?"

"ఏమో అక్కా, పైనుంచి వస్తుంది."

"పైనున్నవాళ్లను ఒకసారి కిందికి రమ్మను తల్లీ. స్ట్రెచర్‌కు ఒక వైపు పట్టుకుంటారు."

ఇంటికొస్తే పాఠం చెప్పేది తమ్ముడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పెద్దాయమ్మ మంచం, లోపలి గదిలో తమ్ముడూ మరదలూ. మరదలు ఇంట్లోనే కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది. పెద్దాయమ్మ భర్త పెళ్లైన మూడో ఏడే పోయాడు, పిల్లల్లేరు. తమ్ముణ్ణి తల్లిలా ఆవిడే పెంచింది. పెంచింది కాబట్టి తిట్టే హక్కు తనదేనని ఆవిడ లెక్క. ఆ హక్కును ఏనాడూ ఖాళీగా ఉంచలేదు.

తమ్ముడికి కుడి చెయ్యి మణికట్టు వరకే ఉంది. నాలుగేళ్ల క్రితం దాకా రేకులు వంచే ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. ఇప్పుడు బళ్ల స్టాండులో చీటీలు చించి ఇస్తాడు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్లవాడివిలా ఉంటాయి. సాయంత్రం అక్క డ్యూటీ దిగి రాగానే పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని, కుడి మోచేత్తో పేజీ అదిమిపట్టి ప్రశ్నలడుగుతాడు. ఓపికంటే వాడిదే. ఆవిడ ఒక్కో ముక్కకూ విసుక్కుంటే, వాడు నవ్వి మళ్లీ అడుగుతాడు.

"టాకికార్డియా?"

"నీ తలకాయ."

"గుండె దడక్కా. టకటకా కొట్టుకుంటుంది కాబట్టి టాకి అనుకో."

"అలాగైతే ముందే టకటక అని పెట్టొచ్చుగా!"

ఆ చెయ్యి ఎలా పోయిందో ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే, ఎవరూ మాట్లాడనిదే. కాగితం మీద ఉన్నది మాత్రం ఇది: తాగి మిషన్ దగ్గరికి వచ్చాడు, చెయ్యి పెట్టకూడని చోట పెట్టాడు. డాక్టరు గారు స్వయంగా 'మద్యం వాసన ఉన్నది' అని రాశారు. ఆ ఒక్క ముక్క చూపించి ఫ్యాక్టరీవాళ్లు పరిహారం లేదన్నారు, ఉద్యోగమూ లేదు పొమ్మన్నారు. తమ్ముడు సెలవు రోజుల్లో స్నేహితులతో ఎప్పుడైనా ఒక గుక్క వేసేవాడు, అది పెద్దాయమ్మకు తెలుసు. అందుకే ఆ కాగితం చూడగానే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మొదట్లో వాడు గింజుకున్నాడు. ఆపరేషన్ మత్తు దిగి కళ్లు తెరవగానే అన్న మాట "నేను తాగలేదక్కా." దెబ్బ తగిలిన పూట అసలేం జరిగిందో వాడికి సరిగ్గా గుర్తు లేదు, అంతా మసక. అయినా తాగలేదని మాత్రం అంటూనే ఉండేవాడు. ఆవిడ వినలేదు. "డాక్టరు రాస్తే అబద్ధమవుతుందా? నా ముందరే రాశారు. నలుగురిలో నా పరువు తీసింది చాలక ఇంకా బుకాయిస్తావా?" అని నోరు మూయించింది. యూనియన్ మనిషి ఒకాయన వచ్చి కేసు వేద్దామంటే, "ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?" అని గుమ్మంలోంచే పంపించేసింది. ఆరునెలలు అలా అని అని, ఒక రోజు వాడే తల దించుకుని "తాగానేమోలే అక్కా" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. దారికొచ్చాడు, నిజం ఒప్పుకున్నాడు అని పెద్దాయమ్మ అప్పుడు సంతోషించింది కూడా.

పరీక్ష సోమవారం. ముందు బుధవారం సాయంత్రం ఇద్దరూ మెడికో లీగల్ అధ్యాయంలో ఉన్నారు. ఆసుపత్రిలో దాన్ని అందరూ ఎమ్మెల్సీ అంటారు, అంటే రేపు పోలీసుల దాకా, కోర్టు దాకా వెళ్లగల కేసు. పెద్దాయమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి నిలబడే ఉంది, కాళ్లు పీకుతున్నాయి. లోపల మరదలి మిషన్ టకటకమంటోంది.

"ఇది తేలికక్కా, రెండు మార్కులు" అన్నాడు తమ్ముడు. "మద్యం పరీక్ష కోసం రక్తం తీసేటప్పుడు చర్మాన్ని దేనితో తుడవకూడదు?"

"ఏమో. దేనితో తుడవకపోతే ఎలా?"

"స్పిరిట్‌తో తుడవకూడదు. ఎందుకో చెప్పు?"

"నువ్వే చెప్పు, చంపక."

వాడు పుస్తకంలోది చదివాడు. "స్పిరిట్‌లో ఉండేది కూడా ఆల్కహాలే కాబట్టి ఫలితం తప్పుగా వస్తుంది. అలాగే, డాక్టరు రోగి నోటి వాసన నమోదు చేసేలోపు ఒంటిని, బట్టలను స్పిరిట్‌తో శుభ్రం చేయరాదు. వాసన వల్ల రోగి మద్యం సేవించినట్లు పొరబడే ప్రమాదం ఉంది." చదివి పేజీ తిప్పాడు. "తర్వాతది, కన్సెంట్. అంటే రోగి ఒప్పుకోలు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో ఎవరు సంతకం పెట్టాలి?"

పెద్దాయమ్మ చూపు ఇంకా వాడు తిప్పేసిన పేజీ మీదే ఉంది.

"అక్కా, కన్సెంట్."

"ఇవాళ్టికి చాలు" అంది ఆవిడ. "తలనొప్పిగా ఉంది."

తలనొప్పి కాదు. ఆ క్యాజువాల్టీలో ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు, ఆయమ్మలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది. పెద్ద డాక్టరు బల్ల దగ్గరికి వచ్చేసరికి రోగి శుభ్రంగా కనపడాలి. మట్టితోనో మసితోనో ఉంటే ఆయన ఆయమ్మల మీద నిప్పులు చెరిగేవాడు. మామూలు మురికి నీళ్లకు పోతుంది. ఫ్యాక్టరీ గ్రీజు పోదు. దానికి స్పిరిటే మందు. హెడ్ నర్సు కంట పడకుండా సీసా వంపుకుని, దూది ముంచి రుద్దితే చర్మం మెరిసేది.

నాలుగేళ్ల క్రితం ఆ రోజు మధ్యాహ్నం స్ట్రెచర్ మీద వచ్చింది ఎవరో ఆమడదూరం నుంచే పోల్చుకుంది ఆవిడ. చెయ్యికి గుడ్డ చుట్టి ఉంది. వెంట ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. మొహం, మెడ, గుండెలు అంతా నల్లటి గ్రీజు. తమ్ముణ్ణి ఆ అవతారంలో డాక్టరు చూడకూడదనుకుంది. ఇంకెవరినైనా సగం సీసాతో తుడిచేది, వాణ్ణి సీసా అంతా పోసి తుడిచింది. గడ్డం కింద, చెవుల వెనక, మూతి చుట్టూ. చొక్కా ముందు భాగం కూడా రుద్దింది. పెద్ద డాక్టరు పరుగున వచ్చి వంగాడు. "ఏమిటీ వాసన? తాగాడా?" అన్నాడు. గుమ్మంలో ఉన్న సూపర్‌వైజరు అదను చూసి "ఆ సార్, రోజూ ఇదే గోల సార్" అన్నాడు. రక్తం కారిపోతోంది, థియేటర్‌కు తీసుకుపొమ్మని కేకలు. డాక్టరు ఆ ముక్క రాసేశాడు. వాసనే తెలిశాక రక్తపరీక్ష ఎందుకని ఎవరూ చేయించలేదు. పక్కనే నిలబడ్డ పెద్దాయమ్మ, దూది ఇంకా చేతిలోనే ఉండగా, 'ఛీ, పని వేళ తాగొచ్చాడా వెధవ' అనుకుంది.

అదీ సంగతి. నాలుగేళ్లుగా ఆవిడ బుర్రకు తట్టలేదు. తట్టడానికి ముక్కు పనిచేయాలి కదా!

గురువారం పొద్దున డ్యూటీకి వెళ్లగానే సీసా తీసి, తన జాకెట్టు చేతికీ మెడకూ స్పిరిట్ రుద్దుకుంది. వాసన చూసుకుంది. ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా రోజూ పీల్చిన వాసన, గాలికి వాసన ఉంటుందా అన్నట్టే ఉంది. ఇంకాస్త పోసుకుని గేటు దగ్గరికి వెళ్లి వాచ్‌మన్ ముందు నిలబడింది.

"ఒరేయ్, నా దగ్గర ఏమన్నా వాసన వస్తోందా?"

వాచ్‌మన్ వంగి చూసి, గభాల్న వెనక్కి జరిగాడు. "అయ్యబాబోయ్! ఇదేంటి పెద్దాయమ్మా, పొద్దున్నే వేసేశావా?" అని పగలబడి నవ్వాడు.

మామూలుగా అయితే వాడికి తగిలించాల్సిన జవాబు తగిలించే వచ్చేది. ఆ రోజు మాట్లాడకుండా వచ్చేసి, బాత్రూంలో తలుపు వేసుకుని మెడ ఎర్రగా కందేదాకా సబ్బుతో రుద్దుకుంది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. డాక్టరు మీదా? ఆయన రిటైరై ఎక్కడో మనవళ్లతో ఉన్నాడు. సూపర్‌వైజరు మీదా? వాడు పచ్చి అబద్ధాలకోరు, సరే, కానీ ఆ అబద్ధానికి సీసాడు వాసన ఎవరు అందించారు? ఎటు తిరిగి ఎటు వచ్చినా వేలు తన వైపే వస్తోంది. అది భరించలేక కనపడ్డవాళ్లనల్లా కరిచింది. స్ట్రెచర్ చక్రం కీచుమంటోందని లిఫ్టువాణ్ణి తిట్టింది. ఇంటికి వెళ్లి, గ్లాసు చప్పుడు చేసిందని మరదల్ని తిట్టింది.

శుక్రవారం క్లాసు అయ్యాక ట్యూటరమ్మను ఆపింది.

"ఒక మాట అడగనా తల్లీ? పాత ఎమ్మెల్సీ కాగితం మీద తప్పు రాసి ఉంటే దిద్దొచ్చా?"

"దిద్దకూడదక్కా. రాసింది కొట్టెయ్యకూడదు, చెరపకూడదు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా తాము చూసిందీ చేసిందీ రాసి సంతకం పెట్టి ఇస్తే, దాన్ని ఆ రికార్డుకు జత చేస్తారు. దాన్ని పట్టుకుని రోగి తరఫువాళ్లు మళ్లీ కదిలించుకోవచ్చు. పని జరుగుతుందని మాత్రం చెప్పలేం." ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుంటూ అడిగింది. "ఎవరక్కా ఆ ఉన్నవాళ్లు?"

పెద్దాయమ్మ చెప్పింది. విన్నాక ట్యూటరమ్మ వరండా వైపు చూసింది. తలుపు దగ్గరికి వెళ్లి మూసి వచ్చింది.

"అక్కా, నా మాట వినండి. ఇది రాసిస్తే మీ తప్పు మీరే ఒప్పుకున్నట్టు. విచారణ వేస్తారు. విచారణలో ఉన్నవాళ్లను పరీక్షకు కూర్చోనివ్వరు. సోమవారం పరీక్ష రాయండి. ఈసారి మీరు పాసవుతారు, మోడల్ పేపర్‌లో అరవై వచ్చాయి కదా. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇవ్వండి. అప్పుడు మిమ్మల్ని క్యాజువాల్టీ నుంచి కదపడం అంత తేలిక కాదు."

"ఎప్పుడొస్తుంది సర్టిఫికెట్?"

"రెండు మూడు నెలలు."

మంచి సలహానే. పెద్దాయమ్మకూ నచ్చింది. నాలుగేళ్లు అయింది, ఇంకో మూడు నెలలకు ఏం కొంపలు మునుగుతాయి అనుకుంది. క్యాజువాల్టీ తప్ప ఆవిడకు ఇంకో లోకం లేదు. మొగుడు పోయిన పద్నాలుగో రోజున చేరింది అక్కడ. ఆ గదిలో నిలబడితేనే తనకంటూ ఒక విలువ ఉన్నట్టు ఉంటుంది. ఇరవై రెండేళ్లు నిలబడి, చివరికి తన నోటితో తానే చెప్పుకుని దుప్పట్ల గదికి పోవాలా? శనివారమంతా ఇదే సర్దిచెప్పుకుంది. గబగబా చదివింది కూడా. గోల్డెన్ అవర్ అంటే దెబ్బ తగిలాక మొదటి గంట, బ్రాట్ డెడ్ అంటే ప్రాణం పోయాక తెచ్చినవాళ్లు. అన్నీ వచ్చేస్తున్నాయి. ఇన్నాళ్లూ కొరుకుడుపడని ముక్కలు ఇప్పుడు పిలవకుండానే వచ్చి కూర్చుంటుంటే ఇంకా ఒళ్లు మండింది.

ఆదివారం సాయంత్రం తమ్ముడు ఆఖరిసారి మొత్తం పుస్తకం తిరగేశాడు. ముఖ్యమైనవాటికి ఎడమచేత్తో పెన్సిల్ గీతలు పెట్టి ఉంచాడు. ఎమ్మెల్సీ అధ్యాయం రాగానే మొహం వెలిగింది.

"ఇది ఖాయంగా వస్తుందక్కా. పోయిన రెండు పేపర్లలోనూ రాలేదు కాబట్టి ఈసారి తప్పదు. స్పిరిట్‌తో ఎందుకు తుడవకూడదు? చెప్పు."

ఆవిడ వాడి వైపు చూసింది. కుడి మోచెయ్యి పేజీ మీద అదిమి ఉంది.

"చెప్పక్కా. రెండు మార్కులు ఊరికే పోగొట్టుకుంటావా?"

"వాసన వల్ల... రోగి తాగినట్టు పొరబడతారు" అంది.

"భేష్!" అన్నాడు వాడు.

ఇదే ప్రశ్నకు రేపు పరీక్షలో సరైన జవాబు రాసి, రెండు మార్కులు తెచ్చుకుని, ఆ మార్కులతో పాసై, మూడు నెలలు వీడి మొహం చూస్తూ తిరగాలి. వీడు వచ్చి ఎన్ని వచ్చాయక్కా అని అడుగుతాడు. మార్కులు చూసి సంబరపడతాడు కూడా. తన వల్ల కాదనిపించింది. లేచి వెళ్లి ట్రంకుపెట్టె మీద పెట్టిన తెల్లకాగితాలు తీసింది. వాడు రేపటికి ప్రాక్టీసు అనుకుని పెన్ను చేతికిచ్చి లోపలికి వెళ్లాడు.

సోమవారం పదింటికి పరీక్ష. తొమ్మిదింటికి పెద్దాయమ్మ సూపరింటెండెంట్ గది ముందు నిలబడింది. లోపలికి వెళ్లి రెండు పేజీలు బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఇవాళే ఎందుకమ్మా? పరీక్ష అయ్యాక ఇవ్వలేకపోయావా?"

"నాలుగేళ్లు ఆలస్యమైంది సార్ ఇప్పటికే."

"ఇదిచ్చాక నేను నిన్ను హాల్లోకి పంపలేను. తెలుసా?"

"తెలుసు సార్."

"విచారణ తేలేదాకా దుప్పట్ల గదికి వెళ్లు. తేలాక పరీక్ష సంగతి చూద్దాం. చూద్దామనే అంటున్నాను, మాటివ్వడం లేదు." ఆయన కాగితం మడిచి మళ్లీ విప్పాడు. "అసలు అలా తుడవమని ఎవరు చెప్పారు మీకు?"

ఆ మాటతో ఆవిడకు ఇన్ని రోజులూ బిగబట్టింది తన్నుకొచ్చింది. "ఎవరు చెప్పడమేంటి సార్! అందరం అలాగే తుడిచాం. తుడవకపోతే పశువుల కొట్టం అనుకున్నారా అని తిట్టింది పెద్ద డాక్టరు గారే. అప్పట్లో మీరు ఆయన వెనకే ఉండేవారు. ఒక్కరైనా ఇది తప్పు అని చెప్పారా? పుస్తకం ఇప్పుడిచ్చారు. నా తమ్ముడి చెయ్యి పోయిన మూడేళ్లకు ఇచ్చారు!"

ఆయన తలెత్తలేదు. "అది ఇందులో రాయలేదుగా" అన్నాడు మెల్లగా.

"రాయమంటారా?"

ఆయన కాగితం మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, నకలు ఒకటి ఆవిడ చేతికిచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి పదకొండు కూడా కాలేదు. తమ్ముడు ఆ రోజు స్టాండుకు సెలవు పెట్టి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి కంగారుగా లేచాడు.

"అప్పుడే వచ్చేశావేంటి? ఎలా రాశావు? స్పిరిట్ ప్రశ్న వచ్చిందా?"

"పరీక్ష రాయలేదు."

"అదేంటక్కా!"

"కూర్చో."

నిలబడే మొదలుపెట్టింది, ఆపకుండా చెప్పేసింది. గ్రీజు, సీసా, దూది, మూతి చుట్టూ రుద్దడం, డాక్టరు వంగడం, సూపర్‌వైజరు అందుకోవడం. తను పక్కనే ఉండి వాణ్ణి ఛీ అనుకోవడం. ఏదీ దాచలేదు, తగ్గించలేదు. చేతిలోని నకలు వాడి ఒళ్లో పెట్టింది. వాడు దాన్ని చదవలేదు. ఆవిణ్ణే చూస్తున్నాడు.

"ఏంట్రా అలా చూస్తావు? తిట్టు! నాలుగేళ్లు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను కదా, ఇప్పుడు నీ వంతు. నోరు లేదా? తిట్టరా!"

"అయితే ఆ రోజు నేను తాగలేదా?" అన్నాడు వాడు.

ఎగతాళి కాదు, నిష్ఠూరం కాదు. తెలియక అడుగుతున్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"లేదురా."

"మళ్లీ చెప్పక్కా."

"తాగలేదు. నువ్వు ఆ రోజు చుక్క ముట్టలేదు. ఆ వాసన నేను పూసింది."

వాడు లేచాడు. ఒళ్లోని కాగితాలు కింద పడ్డాయి, చూసుకోలేదు. లోపలి గది గుమ్మం దగ్గరికి వెళ్లి, తలుపుకు మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మిషన్ చప్పుడు ఆగింది.

"ఏమే, విన్నావా? ఆ రోజు నేను తాగలేదంట" అన్నాడు. "అక్క చెప్పింది. తాగలేదంట."

మరదలు కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నువ్వు తాగలేదన్నప్పుడే నేను నమ్మాను" అంది లోపల్నుంచి. "నమ్మనిది వదిన. వదిన మాట నమ్మింది నువ్వు."